ముప్పై ఎనిమిది యువాన్ల కాపలాదారు

ఎదురింటివాళ్ళు మళ్ళీ ధర తగ్గించారు.

ఎదురిల్లు అంటే నిజంగా ఇల్లేమీ కాదు. షెన్‌జెన్ నగరంలో, రోడ్డుకి అవతల నిలబడ్డ ఇరవై ఆరంతస్తుల ఫోన్ల కంపెనీ. రోడ్డుకి ఇవతల ఉన్నది ష్వాంగ్‌యే అనే ఇంకో ఫోన్ల కంపెనీ. ఇందుమతి ఉద్యోగం ఇందులో. ఐదేళ్ళుగా చూస్తోంది ఈ సంబడం. వీళ్ళు ఫోనుకి మూడు కెమెరాలు పెడితే వాళ్ళు నాలుగు పెడతారు. వాళ్ళు వంద యువాన్లు తగ్గిస్తే వీళ్ళు నూట ఇరవై తగ్గిస్తారు. వాళ్ళు చార్జరు ఉచితమంటే వీళ్ళు రైస్ కుక్కరు ఉచితమంటారు. ఫోనుకీ రైస్ కుక్కరుకీ ఏం సంబంధమని ఆమె ఒకసారి మీటింగులో అడిగితే, ఇదెక్కడి మాలోకం అన్నట్టు చూశారు అందరూ.

ఈసారి దెబ్బ నేరుగా ఆమె బల్ల మీదే పడింది. డైరెక్టర్ లువో పొద్దున్నే లాబుకి వచ్చి, ఎదురింటివాళ్ళ కొత్త ఫోను ఆమె ముందుకు తోశాడు.

"పట్టుకుని చూడండి" అన్నాడు.

తెర మీద పీచ్ పండు బొమ్మ ఉంది. ఇందుమతి వేలు పెట్టింది. మెత్తటి నూగు తగిలింది వేలికి, పండు మీద ఉన్నట్టే. వేలు పక్కకి జరిపితే తొడిమ దగ్గర గరుకు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు కూర్చుని తను చేసిన పని అది. చిన్న చిన్న విద్యుత్ చురకలతో చర్మం కింది నరాలని నమ్మించే తెర. గాజే, కానీ వేలికి పట్టు అంటే పట్టు, ఉన్ని అంటే ఉన్ని. ఆ తెరకి నూలు గుడ్డ స్పర్శ ఇంత చక్కగా కుదరడానికి ఆమె భర్త మార్కండేయులు రెండు నెలలు లాబులో కూర్చుని, "ఇది ఇంకా గంజి పెట్టినట్టుంది, ఇది మరీ జిగురుగా ఉంది" అని సరిదిద్దాడు. జాండ్రపేట నూలు డిపోలో పదిహేడేళ్ళు నూలు పట్టి చూసిన మనిషి అతను. అంత కష్టపడి చేసినదాన్ని ఎదురింటివాళ్ళు ఆర్నెల్లలో దింపేశారు.

"మనది రెండు వేల నాలుగొందలు. వాళ్ళది రెండు వేలు" అన్నాడు లువో. "పైగా వాళ్ళది ఆగదు."

"ఆగాలి డైరెక్టర్ గారూ. ఇరవై నిమిషాలు అలా చురకలు పెడితే నరాలు అలిసిపోతాయి. పది నిమిషాలు వాటిని వదిలెయ్యాలి. అందుకేగా కాపలాదారుని పెట్టాం."

కాపలాదారు అని లాబులో అందరూ పిలిచేది గోరులో సగం ఉండే చిప్‌ని. వేలు అలిసిందని పసిగట్టగానే అది స్పర్శ ఆపేస్తుంది. దాని ఖరీదు ముప్పై ఎనిమిది యువాన్లు.

"జనానికి ఆగిపోయే ఫోను ఎందుకు? ముప్పై ఎనిమిది ఇటు తగ్గుతుంది, ఆగడం అటు పోతుంది. కాపలాదారు లేకపోయినా ప్రమాదం లేదని ఒక్క రిపోర్టు ఇవ్వండి చాలు."

"ఉందో లేదో చూడకుండా లేదని ఎలా ఇస్తాను?"

"చూసే ఇవ్వండి. ఆరు వారాలు."

"ముందు ఒక వారం పరీక్షకి వచ్చేవాళ్ళ వేళ్ళు మామూలుగా ఎలా ఉన్నాయో కొలవాలి. అప్పుడు గదా తేడా తెలిసేది."

లువో కిటికీలోంచి రోడ్డు అవతలికి చూపించాడు. ఇరవై ఆరంతస్తుల మీద నుంచి కిందిదాకా పీచ్ పండు బొమ్మ వేలాడదీశారు వాళ్ళు.

"ఆ వారమే లేదు మనకి" అన్నాడు.

ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. వినలేదు. చివరికి సరేనంది. ఆ సరే అనడం తర్వాత ఆమెని ఎంత తిన్నదో చెప్పలేం.

* * *

ష్వాంగ్‌యేలో ఒక పద్ధతి ఉంది. ఇలాంటి పరీక్షలకి బయటివాళ్ళని పిలవరు, రహస్యం పొక్కుతుందని భయం. ఉద్యోగుల ఇళ్ళలోంచే మనుషుల్ని తీసుకుంటారు. కంపెనీ క్వార్టర్స్ కింద ఒక హాలుంది. సాయంత్రం ఏడింటికి ఐదుగురు అక్కడ కూర్చోవాలి. ఒక్కొక్కరు ఆగకుండా అరగంట ఆ తెర తడమాలి. ఆరు వారాలూ అయ్యాక, చివరి రోజున రెండు మొనల పరీక్ష. రెండు మొద్దు సూదులున్న పరికరం వేలి కొసకి ఆనించుకోవాలి. మొనలు దగ్గరగా జరుపుతూ పోతే ఒక చోట రెండూ ఒక్కటే అనిపిస్తాయి. ఆ దూరం కాగితం మీద రాయాలి. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆరోగ్యమైన వేలు కింద లెక్క.

ఆ ఐదుగురిలో నలుగురు ఉద్యోగుల తల్లులు, అరవై దాటినవాళ్ళు. ఐదోవాడు మార్కండేయులు.

అతనికి ఆ పని దొరకడం పండగే అయింది. పెళ్ళాం ఉద్యోగం వెంట, ఆమె వచ్చిన మూడేళ్ళకి చైనా వచ్చి, భాష రాక, పగలంతా వంటా బట్టలూ చూసుకుంటూ, "నేనిక్కడ వాచ్‌మన్ కన్నా తక్కువే" అని నవ్వుతూనే అనేవాడు. నవ్వుతూ అన్నా అది ఇందుమతికి గుచ్చుకునేది. ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకే తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "డ్యూటీకి వెళ్ళొస్తా" అని బయల్దేరేవాడు.

ఆరు వారాలయ్యాయి. ఐదుగురి కాగితాలూ లాబుకి వచ్చాయి. ఐదుగురివీ రెండుకీ రెండున్నరకీ మధ్యే ఉన్నాయి. ఒక్కటీ మూడు దాటలేదు. ఇందుమతి రెండుసార్లు లెక్క చూసుకుంది. అరవై ఏళ్ళ అమ్మమ్మల వేళ్ళు ఇంత బాగున్నాయేమిటని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని పట్టుకుని ఉంటే బాగుండేది. లువో అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆమె సంతకం పెట్టేసింది.

జూన్ అమ్మకాల పండక్కి ష్వాంగ్‌యే కొత్త ఫోను పద్దెనిమిది వందల తొంభై తొమ్మిదికి దిగింది. ఎదురింటివాళ్ళు వారంలో పదిహేడు వందల తొంభై తొమ్మిది చేశారు. వీళ్ళు కుందేలు బొచ్చు కలిపారు. వాళ్ళు పసిపాప బుగ్గ కలిపారు. ఆగస్టుకల్లా వీళ్ళవి పదకొండు లక్షల ఫోన్లు అమ్ముడుపోయాయి.

* * *

మొదట తెలిసింది సెల్లోటేపు దగ్గర.

ఇంట్లో టేపు కొస దొరకకపోతే ఇందుమతి దాన్ని భర్త మీదికి విసిరేది. అతను కళ్ళు టీవీ మీదే పెట్టి, టేపు చుట్ట మీద బొటనవేలు ఒక్కసారి తిప్పి, కొస లేపి ఇచ్చేవాడు. ఆరోజు టేపు ఇచ్చి ఆమె చపాతీలు చేసుకుంటోంది. ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్ళి చూస్తే కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, చుట్టని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఏవండీ, కొస కోసం కళ్ళజోడా?"

"ఈ దేశపు టేపు మరీ పల్చనే" అన్నాడు.

దేశం మారి రెండేళ్ళయింది, టేపు ఇవాళ పల్చనయిందా అని నవ్వేసి ఊరుకుంది. ఆ పూటకి అంతే.

తర్వాతి ఆదివారం అతనితో కలిసి బట్టల మార్కెట్‌కి వెళ్ళింది. షెన్‌జెన్‌లో అతని బతుక్కి ఉన్న ఒకే ఒక్క వెలుగు అక్కడుంది. ఫాంగ్ అనే పెద్దావిడ నూలు, గుడ్డ అమ్మే కొట్టు. అతను ఆమెని ఫాంగక్క అంటాడు, ఆమె అతన్ని మార్ షిఫు అంటుంది. షిఫు అంటే మన మేస్త్రీ లాంటి మాట, చేతి పని తెలిసినవాడికి ఇచ్చే గౌరవం. భాష లేకుండానే ఇద్దరికీ స్నేహం కుదిరింది. ప్రతి ఆదివారం అతను కళ్ళు మూసుకుంటే ఆమె ఒక నూలుపోగు అతని వేళ్ళ మధ్య పెడుతుంది. అతను రెండుసార్లు నలిపి నూలు నంబరు చెప్తాడు. అరవయ్యో నంబరు, ఎనభయ్యో నంబరు, నూరో నంబరు. నంబరు పెరిగినకొద్దీ పోగు సన్నం. ఆమె ఆ పోగుని ఒక అట్టముక్కకి అంటించి, అతను చెప్పిన అంకె వేసి, నూలు చుట్టిన కండె మీద అచ్చయిన నంబరు చూసి, సరిపోతే ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, తారీఖు వేసి గోడకి తగిలిస్తుంది. కొనేవాళ్ళు ఆ గోడ ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. ఎనభైకి పైగా చీటీలు, అన్నిటికీ టిక్కులే.

ఆరోజు అతను పోగుని రెండుసార్లు కాదు, పది పన్నెండుసార్లు నలిపాడు. చుట్టూ నలుగురు కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఎనభై" అన్నాడు.

ఫాంగ్ కండె తిప్పి చూసింది. మొహంలో ఏ మార్పూ లేదు. "సరిపోయింది!" అని గట్టిగా అంది. టిక్కు పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు.

కండె అడుగున ఉన్న అంకె ఇందుమతికి కనిపించింది. అరవై.

ఎనభైకీ అరవైకీ తేడా తెలియకపోవడమంటే మామూలు మనిషికి ఏమీ కాదు. మార్కండేయులికి అది సొంత ఇంటి గుమ్మం తెలియకపోవడం.

* * *

మెట్రో దిగి నడుస్తుంటే, కండె మీద అరవై ఉందని చెప్పి, ఏమైందని అడిగింది. అతను నీళ్ళు నమిలాడు. మళ్ళీ అడిగింది.

"మొద్దుబారినట్టు ఉంటున్నాయే" అన్నాడు చివరికి. "తిమ్మిరి కాదు. చేతికి పల్చటి తొడుగు వేసుకున్నట్టు. నాలుగైదు నెలలైంది."

"నాలుగైదు నెలలా! పరీక్షలో మీది రెండున్నర దాటలేదుగా?"

"దాటలేదు. రెండున్నర అంటే బానే ఉన్నట్టే అన్నావుగా."

"మామూలు వాళ్ళకండీ అది! మీకు మొదట్లో ఎంత ఉండేది?"

"ఎవరు కొలిచారు?" అన్నాడతను అమాయకంగా.

ఎవరూ కొలవలేదు. ఎదురింటివాళ్ళ పీచ్ పండు కోసం ఆ వారాన్ని ఎగ్గొట్టేశారు. ఇందుమతి ఫుట్‌పాత్ మీదే ఆగిపోయింది. అతని వేళ్ళు ఒక మిల్లీమీటరు దగ్గర ఉండి ఉంటాయి. అక్కణ్ణుంచి జారి జారి రెండున్నరకి వస్తే, కాగితం మీద అది ఆరోగ్యం.

"మరి ఆ నలుగురు పెద్దవాళ్ళవీ అలాగే ఉన్నాయే? వాళ్ళవి కూడా..."

మార్కండేయులు తల దించుకున్నాడు.

"వాళ్ళవీ నావేనే."

"అంటే?"

"ఏడింటికి కింద పార్కులో వాళ్ళ డాన్సులుంటాయిగా. స్పీకరు పెట్టుకుని అందరూ వరసగా చేస్తారు చూడు, ఆ టైముకే ఈ పరీక్ష పెట్టారు మీవాళ్ళు. పాపం పెద్దవాళ్ళు, రోజంతా మనవల్ని మోసి ఆ గంట కోసమే చూస్తారు. మార్ మార్ అని బతిమాలారు. నాకేం పనుంది? వాళ్ళ ఫోన్లు కూడా నేనే తడిమా. కాగితాలు కూడా నేనే నింపా. అబద్ధం రాయలేదు ఇందూ. ఒక్కో కాగితానికీ సూదులు పెట్టుకుని వచ్చిందే రాశా."

"ఐదుగురివీ?"

"వాళ్ళవి మొద్దు వేళ్ళే, ఏం తెలుస్తుంది వాళ్ళకి! నీ పరీక్ష పాడవకూడదనే కదా చేసింది."

ఇందుమతికి అరికాలి మంట నెత్తికెక్కింది. నడిరోడ్డు మీద, తెలుగులో, గొంతెత్తి అరిచింది. ఐదుగురి పరీక్ష ఒక్కడి వేళ్ళ మీద జరిగితే దాన్ని పరీక్ష అంటారా? రోజుకి రెండున్నర గంటలు ఆగకుండా చేతుల్ని ఆ తెర మీద పారేసుకుంటారా? ఎవరు చెయ్యమన్నారు? ఎవరు సాయం అడిగారు? ఆ కాగితాల మీద తను సంతకం పెట్టింది, దాన్ని నమ్ముకుని పదకొండు లక్షల మంది చేతుల్లోకి...

మాట మధ్యలో ఆమెకి ఏడుపొచ్చింది. అతని మీద కోపమో, లువో మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టు మరీ గట్టిగా ఉంది. ఎంత గట్టిగా పట్టుకున్నాడో అతనికి తెలియడం లేదని అప్పుడు అర్థమైంది ఆమెకి.

* * *

"మీ ఆయన ఐదుగురి వాడకం ఒక్కడే వాడాడు. అలాగైతే ఎవరికైనా ఏదో ఒకటి అవుతుంది" అన్నాడు లువో.

"రెండున్నర గంటలు వాడాడు. మన ఫోను కొన్నవాళ్ళు రోజుకి సగటున నాలుగున్నర గంటలు తడుముతున్నారు. ఆ లెక్క మీరిచ్చిందే."

లువో చెడ్డవాడు కాడు. ఇంటి అప్పు, ఇద్దరు పిల్లలు, పైన తనలాగే భయపడే ఇంకో డైరెక్టరు. "ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి?" అని అడిగాడు.

"రావు. రోజూ నూలు పట్టి చూసేవాడికే నాలుగైదు నెలలు పట్టింది ఒప్పుకోడానికి. మిగతావాళ్ళకి ఏం తెలుస్తుంది? చొక్కా గుండీ పెట్టుకోడం కొంచెం ఆలస్యమవుతుంది, వయసైపోతోందిలే అనుకుంటారు."

"రెండున్నర మిల్లీమీటర్లంటే రూలు ప్రకారం ఆరోగ్యమే. అంతకుముందు ఒకటి ఉండేదని మీరంటున్నారు. రుజువేది? మొదటి వారం కొలతలు లేవుగా?"

కొలవద్దన్నవాడే కొలత ఏదని అడుగుతున్నాడు. బల్ల మీదున్న కప్పు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. తిరిగి వస్తుంటే లిఫ్టులో ఒక్కసారిగా గుర్తొచ్చింది. కొలతలు ఉన్నాయి. ఫాంగ్ గోడ మీద ఉన్నాయి.

చీటీల మీద టిక్కులన్నీ నిజం కాకపోవచ్చు. కానీ ప్రతి చీటీకీ అసలు పోగు అంటించి ఉంది, దాని పక్కనే అతను చెప్పిన అంకె, తారీఖు. పోగు మందం మైక్రోస్కోపు కింద కొలిస్తే అసలు నంబరు తేలిపోతుంది. అతని వేళ్ళు ఏ వారం నుంచి తప్పాయో వరసగా బయటపడుతుంది.

పరుగు పరుగున ఇంటికెళ్ళి చెప్పింది.

"వద్దు" అన్నాడు మార్కండేయులు.

"వద్దంటే ఎలాగండీ?"

"ఫాంగక్క ఇవ్వదు. నేను తప్పు చెప్పానని ఆవిడ చచ్చినా ఒప్పుకోదు. నలుగురిలో నా పరువు తియ్యకూడదనేగా టిక్కులు పెట్టింది. ఇప్పుడు నేనెళ్ళి అందరి ముందూ అవన్నీ తప్పుడు టిక్కులంటే నా పరువూ పోతుంది, ఆవిడదీ పోతుంది." గొంతు తగ్గించి అన్నాడు. "ఈ ఊళ్ళో నన్ను మేస్త్రీ అని పిలిచేది ఆ ఒక్క కొట్టేనే ఇందూ. అది కూడా తీసెయ్యమంటావా?"

అతని పక్కనే సోఫాలో ఫోను వెలుగుతోంది. తెర మీద నూలు చిలప బొమ్మ, మెలిపెట్టిన నూలుపోగుల కట్ట. అసలు నూలు వేళ్ళకి ఆనడం మానేశాక, రోజంతా ఆ ఫోనులో నూలు పట్టుకుని కూర్చుంటున్నాడని ఆమెకి అప్పుడే తెలిసింది. తను చేసిన తెర, తన మొగుడు సరిదిద్దిన నూలు. ఫోను తీసుకుని వంటింటి అలమరలో, పప్పు డబ్బాల వెనక పారేసింది. అతను అడ్డు చెప్పలేదు.

* * *

ఆదివారం మామూలుగానే మార్కెట్‌కి వెళ్ళారు. చీటీల మాట ఎత్తనని ఆమె ఒప్పుకుంది. కోపం దిగమింగుకుని వెనక నడిచింది.

కొట్లో ఫాంగ్ ఎవరో ఇద్దరు అమ్మాయిలకి గుడ్డ చూపిస్తోంది. గుడ్డ ఆమె చేతిలో లేదు. ఫోను ఉంది. ష్వాంగ్‌యే ఫోనే.

"మార్ షిఫు! చూశావా, నేనూ కొన్నా!" అంది మురిసిపోతూ. "ఈ తెరలో నూలు నువ్వు చేసిందేనటగా! సరుకు గోడౌన్‌లో ఉన్నా ఇక్కడే పట్టి చూపించేస్తున్నా. పొద్దుట్నించీ ఇదే పని. ఎంత హాయో!"

ఇందుమతి ఆ మాటలు తెలుగులో చెప్పింది. నలభై ఏళ్ళు గుడ్డ పట్టి బతికిన వేళ్ళు, పొద్దుట్నించీ ఆగకుండా ఆ తెర మీద ఉన్నాయి.

మార్కండేయులు ఒక్క అడుగులో వెళ్ళి ఫాంగ్ చేతిలోంచి ఫోను లాగేసుకున్నాడు.

ఫాంగ్ తెల్లబోయి చూసింది. అతను ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, గోడ దగ్గరికి నడిచాడు. పోయిన ఆదివారం చీటీ తీశాడు.

"చెప్పవే ఇందూ, ఇది తప్పని చెప్పు."

"ఏవండీ..."

"చెప్పు. అంతకుముందుదీ తప్పే. దానిముందుదీ తప్పే అయ్యుంటుంది. ఎప్పటిదాకానో నాకే తెలీదు. ఈ ఫోను తడిమి నా చేతులు పోయాయని చెప్పు. ఆవిడ చేతులు కూడా పోతాయని చెప్పు. అందరికీ వినపడేలా చెప్పు."

ఆమె చెప్పింది. అమ్మాయిలు తమ ఫోన్లు చటుక్కున బ్యాగుల్లో పెట్టుకున్నారు. ఫాంగ్ మొహం ఎర్రబడింది. "లేదు, లేదు. మార్ షిఫు ఎప్పుడూ తప్పు చెప్పలేదు" అంది మొండిగా. కానీ గోడ మీది చీటీలు ఒక్కొక్కటే తీసి, తారీఖుల వరసలో పేర్చి, రబ్బరు బ్యాండు వేసి ఆమే ఇచ్చింది. ఇచ్చేటప్పుడు కళ్ళు పైకెత్తలేదు.

* * *

ఎనభై మూడు చీటీలు. లాబులో ఇందుమతి ఒక్కర్తే రెండు రోజులు కూర్చుని పోగులన్నీ కొలిచింది. మొదటి యాభై నాలుగు ఆదివారాలు ఒక్క తప్పు లేదు. యాభై ఐదో చీటీలో మొదటి తప్పు. అది పరీక్ష మొదలైన మూడో వారం. అక్కణ్ణుంచి ఒక తప్పు, ఒక ఒప్పు. తర్వాత రెండు తప్పులకి ఒక ఒప్పు. చివరి తొమ్మిదీ వరసగా తప్పులే. ఏ పరికరమూ ఇంత కచ్చితంగా కొలిచి ఉండదు. ఆమెకి గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. మొగుడి వేళ్ళు వారం వారం చచ్చిపోవడాన్ని గీత గీసి చూసుకుంది, అంతే.

ఆ గీతని లువోకి ఇచ్చింది. దాంతోపాటు తన పాత రిపోర్టు తప్పనీ, ఐదుగురు కాదు ఒక్కడనీ, సంతకం వెనక్కి తీసుకుంటున్నాననీ రాసిన కాగితం కూడా. అదే కాగితం ప్రభుత్వ ప్రమాణాల ఆఫీసుకీ పంపింది. అక్కణ్ణుంచి మీ ఉత్తరం అందినది అని ఒక నంబరు వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు.

కంపెనీ నుంచి మాత్రం వెంటనే వచ్చింది. ఇందుమతి కాంట్రాక్టు పొడిగించడం లేదని ఒక కాగితం. మూడు వారాలకి ఇంకోటి వచ్చింది, కాగితం కాదు, మెట్రో స్టేషన్ నిండా పోస్టరు. ష్వాంగ్‌యే ప్రో. మీ వేళ్ళని ప్రేమించే ఫోను. లోపల కాపలాదారు చిప్. ధర మూడొందలు ఎక్కువ.

పోస్టరు ముందు నిలబడి ఇందుమతి పగలబడి నవ్వింది. పక్కన నడిచేవాళ్ళు తప్పుకుని వెళ్ళారు. ముప్పై ఎనిమిది యువాన్ల చిప్‌ని తీసేసి ఒకసారి అమ్ముకున్నారు, పెట్టి ఇంకోసారి అమ్ముకుంటున్నారు!

నాలుగు రోజులకి ఎదురింటివాళ్ళు అదే చిప్ ఉచితమన్నారు. ఆ వెంటనే వీళ్ళూ ఉచితమన్నారు. నెల తిరిగేసరికి కాపలాదారు లేని కొత్త ఫోను బజార్లో దొరకడం మానేసింది. ఆమె బతిమాలితే జరగనిది, ఏడిస్తే జరగనిది, కాగితాలు రాస్తే జరగనిది, ధర దగ్గర జరిగిపోయింది. సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు. పాత పదకొండు లక్షల ఫోన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. తెచ్చి ఇస్తే కొత్తదాని మీద రెండొందలు తగ్గిస్తారట.

* * *

వీసా ఇంకా నలభై రోజులుంది. ఆ ఆదివారం మార్కండేయులు తనంతట తనే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

"ఎక్కడికండీ?"

"డ్యూటీకి" అన్నాడు.

ఫాంగ్ కొట్లో గోడ ఖాళీగా ఉంది, మేకులు మాత్రం ఉన్నాయి. ఆమె ఇద్దర్నీ చూసి గబగబా టీ పోసింది. ఆమె ఫోను ఎక్కడా కనిపించలేదు. మార్కండేయులు స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళు మూసుకుని, చెయ్యి చాచాడు.

ఫాంగ్ ఇందుమతి వైపు చూసింది. వద్దని చెప్పు అన్నట్టుంది ఆ చూపు. తెచ్చి ఇమ్మని ఇందుమతి తలూపింది. ఫాంగ్ లోపలికెళ్ళి ఒక పోగు తెచ్చి అతని వేళ్ళ మధ్య పెట్టింది. అతను నలిపాడు. ఆపి, మళ్ళీ నలిపాడు. గుడ్డ కొనడానికి వచ్చిన ముసలాయన ఒకాయన ఆగి చూస్తున్నాడు.

"నూరు" అన్నాడు మార్కండేయులు.

ఫాంగ్ కండె చూసింది. నోరు తెరిచి, "సరి..." అంది.

"ఫాంగక్కా" అన్నాడతను కళ్ళు తెరవకుండానే. "ఇందూ, చెప్పు ఆవిడకి. ఇవాళ తప్పయితే తప్పనే రాయాలి. ఇవి ఎప్పటికన్నా తిరిగొస్తాయో రావో నాకు తెలీదు. వస్తే, ఆరోజు వచ్చాయని తెలియాలిగా. ఆవిడ ప్రతిసారీ టిక్కు పెడితే నాకెలా తెలుస్తుంది?"

ఇందుమతి ఒక్కొక్క మాటా చెప్పింది. ఫాంగ్ కండెని ఇంకోసారి తిప్పి చూసింది. తర్వాత పోగుని అట్టముక్కకి అంటించింది. అతను చెప్పింది నూరు అని వేసింది. పక్కన అసలు నంబరు, అరవై, వేసింది. ఎర్ర పెన్ను తీసుకుంది. ఇంటూ మార్కు పెట్టింది, చిన్నది. మార్కండేయులు కళ్ళు తెరిచి చూసి, ఇంకా పెద్దది పెట్టమని చేత్తో చూపించాడు. ఆమె కళ్ళు తుడుచుకుని దాని మీదే ఇంకోటి పెద్దగా దిద్దింది.

తారీఖు వేసి ఖాళీ గోడ మధ్యలో మేకుకి తగిలించింది.

"వచ్చే ఆదివారం తొందరగా రా, మార్ షిఫు" అంది.